కమ్మరి ఇంటి బిడ్డకు ఐరన్ల గురించి

మహబూబ్‌నగర్

బిడ్డా,

ఫోర్జ్‌డ్ ఐరన్లలో (కాల్చి, అచ్చులో నొక్కి చేసిన ఉక్కు తలలున్న గోల్ఫ్ కర్రల్లో) ఏ రకం కొనాలని ఫోనులో అడిగావు. గోల్ఫ్ గురించి నాకేం తెలుసని అప్పుడు నవ్వేశాను. కానీ ఇనుము గురించి అడిగితే జవాబు చెప్పకుండా ఊరుకోవడం మన ఇంటావంటా లేదు.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు వదిలి వెళ్లిన పాత 7 నంబరు ఐరన్‌ను (ఇప్పుడది మీ అమ్మ కోతులను తోలే కర్ర) నిన్న కడిగి, వాకిట్లో ఎండకు తిప్పి చూశాను. ముఖం మీద ఎక్కడ అరిగితే బంతి అక్కడ తగులుతున్నట్టు. చేయి కుదిరిన ఆటగాడికి ఆ అరుగుదల రూపాయి బిళ్లంత చోటే ఉంటుంది. నీది మడమ (కర్ర తలకు అతికే వైపు) దగ్గర మొదలై కొన దాకా పరుచుకుంది, కొన వైపు మరికాస్త ఎక్కువ. చిన్నబుచ్చుకోకు. వారానికి ఒక్క ఆదివారం గోల్కొండ కోట పక్కన ఆడే మనిషికి అది మామూలే. అయితే అన్ని బ్రాండ్ల ప్రకటనల కంటే ఆ మరకే నీకు నిజం చెబుతుంది.

మీ తాత లారీ కమాను పట్టీలతో కొడవళ్లు చేసేవాడు. ఆ ఉక్కులో కార్బన్ అర శాతం, ఇంకాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి పదును నిలిచేది. ఫోర్జ్‌డ్ ఐరన్లకు ఎక్కువగా వాడే 1020, 1025 రకాల్లో పావు శాతం అటూ ఇటూ, అంతే. కొడవలికి పనికిరాని మెత్తని ఉక్కు! దాన్ని ఎర్రగా కాల్చి అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారు. మెత్తదనంతో ఒక మంచి లాభం ఉంది. నీ ఎత్తుకు, నిలబడే తీరుకు తగ్గట్టు లై కోణాన్ని (కర్రకూ నేలకూ మధ్య కోణాన్ని) ఒకటి రెండు డిగ్రీలు వంచించుకోవచ్చు. 17-4 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుతో పోత పోసినవి అంత తేలిగ్గా వంగవు. నేను ఫోర్జ్‌డ్ వైపు మొగ్గేది ఇందుకే, నువ్వు మురిసిపోయే 'ఫీల్' కోసం కాదు.

బంతి ముఖాన్ని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు. 'మెత్తగా తగిలింది' అనిపించేది చాలావరకు చెవి వల్లే. దాగలి మీద మోత విని లోపల పగులుందని మీ తాత చెప్పేవాడు, చేత్తో తడిమి కాదు. దుకాణంలో చెవుల్లో దూది పెట్టుకుని నాలుగు బంతులు కొట్టి చూడు. నలుగురూ నవ్వితే నవ్వనీ.

ఇక తప్పు కాయడం, అంటే బంతి నడుమ తగలకపోయినా దెబ్బ మరీ చెడకుండా చూడడం. అది ఉక్కు రకంలో లేదు, బరువు ఎక్కడ పెట్టారన్న దానిలో ఉంది. కావడి మోసేవాడు చప్పున పక్కకు తిరగలేడు, బరువంతా రెండు కొనల్లో ఉంటుంది కనుక. 1960లలో కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు ఐరన్లకు చేసింది ఇదే: నడుమ తొలిచి బరువును అంచులకు పంపాడు. అలాంటి తలకు బంతి పక్కన తగిలినా అంతగా మెలిక పడదు. వెనక తొలవని బ్లేడ్లు చూడముచ్చటగా ఉంటాయి, నీ చేతికి ఇప్పుడే వద్దు.

నన్నడిగితే, 4 నుంచి 7 దాకా నంబర్లు వెనక బాగా తొలిచి, అడుగు కాస్త వెడల్పుగా ఉన్నవి తీసుకో. 8 నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే కర్ర) దాకా కొంచెం చిన్న తల ఉన్నా నష్టం లేదు. ఒకే కంపెనీలో ఇలా కలిపి ఇచ్చే సెట్లు ఉన్నాయి. మరీ వెడల్పు అడుగు మాత్రం వద్దు, ఎండాకాలం మన గట్టి నేల మీద ఎగిరిపడుతుంది.

రెండు చోట్ల మోసపోకు. కొన్నిటిలో ముఖం రేకు ఒక్కటే ఫోర్జ్‌డ్, తక్కినదంతా పోత; మొత్తం ఒకే ముద్దా అని అడుగు. ఇంకొకటి, కొత్త 7 నంబరు పదిహేను గజాలు ఎక్కువ పోతోందని తెర మీద చూపిస్తే దాని లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం; అది తగ్గితే, నంబరు తగ్గినట్టే, బంతి దూరం పోతుంది) ఎంతో అడుగు. 34 డిగ్రీలు ఉండవలసింది 30 చేసి, 6 నంబరు ఐరన్ మీద 7 అని చెక్కితే దూరం పోక ఏం చేస్తుంది? పోయినేడు నేనూ ఒక దుకాణంలో మోటారు కొని అలాగే మోసపోయాను, రేకు మీద రాసిన హార్స్‌పవర్ చూసి.

డబ్బు కట్టే ముందు ఫోటోలు పంపు. మెరిసే ముఖానివి కాదు, వెనక భాగానివి, అడుగువి.

మీ నాయన