మన క్రిములు అంగారకుడికెందుకు?

భోగాపురం

ఒరే సూరీ,

ఎలగున్నావురా? మొన్న ఫోన్లో "అంగారకుడి మీద ఈగైనా లేదు, మన అంతరిక్ష నౌకల మీద ఎక్కి నాలుగు క్రిములెళ్తే ఎవడి సొమ్ము పోయింది?" అని ఓ రాయి విసిరి పెట్టేశావు. ఫోన్లో జవాబు చెప్తే మధ్యలో అడ్డం పడతావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మా అక్క చూసి "ఈ రోజుల్లో ఉత్తరమేట్రా" అని నవ్వుతోంది. నవ్వనీ.

మా రొయ్యల హేచరీ నువ్వు చూశావు కదా. గుమ్మం దగ్గర పర్మాంగనేట్ నీళ్ళల్లో కాళ్ళు ముంచందే ఓనరైనా లోపలికి రాకూడదు. నా పని ల్యాబులో. ట్యాంకు నీళ్ళు ఓ చుక్క తీసి ప్లేటు మీద పూసి, మర్నాడు కాలనీలు, అంటే చుక్కల్లా మొలిచిన క్రిముల గుంపులు, లెక్కపెట్టాలి. పసుపు రంగువి మొలిస్తే సర్దుకుంటాం, ఆకుపచ్చవి ఎక్కువైతే మేనేజరు మొహం మాడిపోతుంది. అంతరిక్ష నౌకలు కట్టేచోట కూడా నాలాంటివాళ్ళున్నార్రా! దూదిపుల్లతో నౌకని తుడుస్తారు. ఆ దూదిని కడిగిన నీళ్ళని 80 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు ఉంచుతారు. మెత్తటివి చచ్చి, గట్టి పెంకు కట్టుకున్న స్పోర్లు మిగుల్తాయి. వాటిని ప్లేటు మీద పెంచి లెక్కేస్తారు. అంగారకుడి మీద దిగే నౌక, జీవం వెతికే పని లేనిదైనా సరే, మొత్తం మీద 3 లక్షల స్పోర్లకి మించి మోసుకెళ్ళకూడదు. చదరపు మీటరుకి సగటున 300. ఎక్కువనుకుంటున్నావేమో, కాస్త చెడిన ట్యాంకులో గ్లాసుడు నీళ్ళు ముంచితే అంతకంటే ఎక్కువే దొరుకుతాయి.

ఈ లెక్కలు పెట్టింది కోస్పార్ అనే అంతర్జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘం. వెనకాల, వేరే గ్రహాల్ని మురికి చెయ్యకూడదని చెప్పే 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఉంది, అందులో మన దేశమూ ఉంది. కక్ష్యలో తిరిగే నౌకలకి వేరే లెక్క. మొదటి 20 ఏళ్ళలో అది అంగారకుడి మీద పడే అవకాశం నూటికి ఒకటి దాటకూడదు.

అన్నిటికంటే గట్టిగా చేసింది అమెరికా వైకింగ్ నౌకల వాళ్ళు. 1976లో అంగారకుడి మీద దిగిన ఆ రెండు ల్యాండర్లనీ పంపేముందు మూతేసి, దాదాపు 112 డిగ్రీల్లో 30 గంటల పాటు కాల్చారు. లోపలి కంప్యూటరు, కెమెరాలు, బ్యాటరీలు అన్నీ ఆ వేడికి తట్టుకునేలా చేసుకోవాల్సి వచ్చింది. ఎంత ఖర్చో ఊహించుకో. అందుకే తర్వాత వచ్చిన నౌకల్ని అలగ మొత్తంగా కాల్చలేదు.

మరి ఎంత కడిగినా పోనివి ఉన్నాయి. 2013లో టెర్సికాకస్ ఫీనిసిస్ అని కొత్త బ్యాక్టీరియా గురించి చెప్పారు. అప్పటికి దొరికింది రెండే చోట్ల: ఒకటి ఫ్లోరిడాలో, ఇంకోటి ఫ్రెంచ్ గయానాలో, రెండూ నౌకల కోసం దుమ్మూ క్రిమీ లేకుండా ఉంచే క్లీన్ రూములే. తిండి లేదు, తేమ లేదు, ఎప్పుడూ మందు తుడుపే, అయినా బతికింది. మనం కడిగి కడిగి మొండివాటిని ఏరి మరీ పంపుతున్నామన్నమాట. నాకు దీని మీదే భయం.

ఇక నీ ప్రశ్న. అంగారకుడి మీద అతినీలలోహిత కిరణాలు ఘోరం, మట్టిలో క్రిములకి పడని పెర్‌క్లోరేట్లనే ఉప్పులు, మన క్రిములు బతకవంటావు. పైకి కనబడే చోట చాలావరకు నిజమే, ఒప్పుకుంటాను. కానీ స్క్రూ సందుల్లో, నౌక అడుగున ఎండ ఎక్కడ తగుల్తుందిరా? అయినా నా బాధ అక్కడ క్రిములు పెరిగి ఊళ్ళు కట్టేస్తాయని కాదు. రేపు ఎవరో అక్కడ మట్టి తవ్వి "ఇదిగో జీవం" అంటే, అది అక్కడిదా, మన నౌక మీద ఎక్కి వెళ్ళిందా అని తేల్చేదెవరు? ట్యాంకు చెడితే నీళ్ళు వదిలేసి, బ్లీచింగ్ కొట్టి, ఎండబెట్టి మళ్ళీ మొదలెడతాం. అంగారకుణ్ణి ఎక్కడికి వంచి పారబోస్తాం?

అందుకే 2003లో గెలీలియో నౌకని గురుగ్రహంలోకి, 2017లో కసీనీ నౌకని శనిలోకి దూకించేశారు. ఇంధనం అయిపోయాక అవి పొరపాటున గురుడి చందమామ యూరోపా మీదో, శని చందమామ ఎన్సెలాడస్ మీదో పడితే, మంచు కింద ఉన్న ఆ నీళ్ళకి మన మురికి అంటుతుందని. బంగారం లాంటి నౌకలు, పనిగట్టుకుని బూడిద చేశారు. నాకైతే ఆ పని చాలా నచ్చింది.

అటునుంచి ఇటు వచ్చేవాటి విషయంలో మాత్రం మనవాళ్ళు అంత బుద్ధిమంతులు కారు. అపోలో 11 వాళ్ళని 21 రోజులు విడిగా ఉంచారు గానీ, సముద్రంలో దిగగానే తలుపు తీశారు, లోపలి గాలి కాస్తా బయటికి పోయింది. అక్కడ చంద్రుడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మనుషుల్నే అంగారకుడి మీద దింపుతామంటున్నారు. మనిషిని 112 డిగ్రీల్లో కాల్చలేం కదా, కడుపు నిండా క్రిములే. నా మాటేటంటే, ముందు శుభ్రమైన యంత్రాలతో తడి ఉండొచ్చనుకునే చోట్లు వెతికేయాలి, మనుషులు ఆ తర్వాత, వాటికి దూరంగా దిగాలి. నువ్వు ఒప్పుకోవని తెలుసు. పైడితల్లి పండక్కి విజయనగరం వస్తావు కదా, సిరిమాను చూశాక తీరిగ్గా కొట్లాడుకుందాం. అప్పటిదాకా ఆగలేకపోతే నువ్వూ ఉత్తరమే రాయి, ఫోను చెయ్యకు.

పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రాముడు