ఇంకా మా వెంట ఉన్నవాళ్ళకి

బాబుకి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అని తెలిసిన కొత్తలో మా ఫోన్ ఆగకుండా మోగేది. అందరూ వచ్చారు, ధైర్యం చెప్పారు, ఎవర్నీ మర్చిపోలేదు. కానీ ఈ పోస్టు ముఖ్యంగా ఆ తర్వాత కూడా వస్తున్నవాళ్ళ కోసం. వాడిది ఏ.ఎల్.ఎల్. (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అనే రకం, పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే, చికిత్స రెండు మూడేళ్ళు నడుస్తుంది. జుట్టు మళ్ళీ వచ్చి పిల్లాడు పైకి మామూలుగా కనిపించేసరికి "ఇంకేం, తగ్గిపోయిందిగా" అనేస్తారు గానీ, ఇంట్లో రోజూ మాత్రలు, రక్త పరీక్షలు, ఎప్పుడు ఒళ్ళు వేడెక్కుతుందోనన్న టెన్షన్ ఎక్కడికీ పోవు.

ముందు ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్ళకి. అవి 5 నుంచి 7 రోజులకు మించి నిల్వ ఉండవు, తెచ్చి దాచుకునే వీల్లేదు, అవసరం పడ్డప్పుడల్లా మనుషులే కావాలి. గంటన్నర, రెండు గంటలు మిషన్ దగ్గర కదలకుండా కూర్చుని, వెళ్తూ వెళ్తూ "మళ్ళీ కావాలంటే ముందు నాకే చెయ్యండి" అన్న మావారి ఆఫీసు కుర్రాళ్ళకి ఏమిచ్చినా తక్కువే. వాళ్ళలో ఒకతనికి సూదంటే చచ్చేంత భయమట, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడని తర్వాతెప్పుడో తెలిసింది.

మా ఆడపడుచు బంధువులందరితో వాట్సాప్ గ్రూపు పెట్టి, రిపోర్టుల సంగతి తనే రాస్తూ, "వదినకి ఫోన్ చెయ్యకండి, ఏదున్నా నన్నడగండి" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. రక్తకణాల కౌంట్లు పడిపోయాయని పదిమందికి చెప్పాల్సొస్తే పదిసార్లూ కొత్తగా ఏడుపొస్తుంది. కొందరు నొచ్చుకున్నారు, ఆ మాటలు కూడా తనే పడింది.

వార్డులో పరిచయమైన అక్కా, నీకు. చికిత్సలో స్టెరాయిడ్ మందులు వాడే రోజుల్లో వీడు అర్ధరాత్రి లేచి ఆకలని గోల, ఏం పెట్టినా కోపం, నన్ను కొట్టడం. డాక్టర్ చెప్పారు, నిజమే, కానీ "మందు ప్రభావమే, ఆపాక దిగిపోతుంది, మా అమ్మాయి పళ్ళెం విసిరేసేది" అని నువ్వంటేనే నమ్మకం కుదిరింది. థర్మామీటర్ పెట్టె మీద 100.4 అని నువ్వు రాసిందీ అలాగే ఉంది. జ్వరం ఆ అంకెకి చేరినా చాలు, పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి.

పెద్దమ్మాయి స్కూల్ ఫంక్షన్‌కి మా బదులు వెళ్ళి, ముందు వరసలో కూర్చుని వీడియో తీసి పంపిన పక్కింటి పిన్నిగారికి. అందరూ దాన్ని తమ్ముడెలా ఉన్నాడనే అడుగుతారు, ఈవిడ "నీ సంగతేంటే" అంటారు. పిల్లల క్యాన్సర్‌లో కుటుంబానికి అందాల్సిన మానసిక సాయంపై 2015లో నిపుణులు ప్రమాణాలు రాశారట, తల్లిదండ్రులకి, తోబుట్టువులకి విడివిడిగా ఉందని కౌన్సెలర్ చెప్పారు. అవేవీ చదవకుండానే పిన్నిగారు చేసేస్తున్నారు.

మా మరిది శనివారం రాత్రులు వచ్చి వాడి పక్కన పడుకుంటాడు, మేమిద్దరం వేరే గదిలో పొద్దెక్కేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతాం. కాస్త జలుబు చేసినా, అడక్కముందే "ఈ వారం రాను వదినా" అని మెసేజ్ పెడతాడు. దానికీ థాంక్స్ అయ్యా.