రంగం తాత ఉన్న చోటు

మాఘమాసం,
బారువ దగ్గర.

చిరంజీవి పెద్దబాబుకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము క్షేమంగా ఉన్నాము. జీడిమామిడి పూత ఈసారి బాగానే వచ్చింది గాని, రోజూ పొద్దుటే కమ్ముతున్న మంచుకు మాడిపోతుందేమోనని భయంగా ఉంది. పెద్దల పండుగకు నువ్వు రాలేకపోయావు. సెలవు దొరకలేదని కోడలు చెప్పింది. తాతలకు బట్టలు పెట్టే పని చిన్నోడి చేత చేయించాను, ఏ లోటూ జరగలేదు. ఆ తరువాత నీ ఫోను లేదు. నేను చేస్తే కోడలు ఎత్తి, నువ్వు మీటింగులో ఉన్నావని చెబుతున్నది. ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

మొన్న కంచిలిలో మావయ్య మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న ఒకావిడ, "తోట బేరం కుదిరిందట కదా వదినా, సమాధి దిబ్బ చదును చేయించి ఇస్తానని మీ పెద్దబ్బాయి ఒప్పుకున్నాడట కదా" అని అడిగింది. నాకు తెలియదని చెప్పి ఊరుకున్నాను. బేరగాళ్ళు తమ పని జరగడానికి ఎవరి నోట ఏ మాటైనా పెట్టగలరు కనుక, అది నీ మాట అని నేను నమ్మలేదు. దాని సంగతి అలా ఉంచుదాం.

పాపకు దగ్గు తగ్గిందా? రాత్రిపూట పెరుగు పెట్టవద్దని కోడలితో చెప్పు. నువ్వు నీళ్ళు సరిగా తాగుతున్నావా లేదా? ఉద్దానంలో పుట్టినవాడివి, కిడ్నీల జబ్బు ఇక్కడ ఇంటింటికీ ఏం చేసిందో చూస్తూ పెరిగినవాడివి. ఏడాదికి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినవు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే ఆ క్రియాటినిన్ ఎంత ఉన్నదో కాగితం మీద రాసి నాకు పంపు. నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకు.

తోట మాట ఎలాగూ వచ్చింది కనుక చెబుతున్నాను. ఆ దిబ్బలో అసలు ఎవరూ లేరనీ, రంగం తాత రంగంలోనే, అంటే రంగూనులోనే, పోయాడనీ చిన్నత్త అంటుందని నువ్వు ఎవరితోనో అన్నావని కూడా విన్నాను. చిన్నత్తకు ఆ కథ సగమే తెలుసు. మీ తాతమ్మ చివరి రోజుల్లో ఆమెకు కాళ్ళు పడుతూ కూర్చున్నది నేను గాని చిన్నత్త కాదు. కాబట్టి మీ నాన్నగారికి కూడా పూర్తిగా తెలియని సంగతులు కొన్ని నాకు తెలిశాయి. అవి నీకు తెలియజేయకుండా నేను వెళ్ళిపోకూడదు.

రంగం తాత మన ఇంట్లో మొట్టమొదట సముద్రం దాటినవాడు. మీసాలు రాని వయసులో కూలీలను కుదుర్చుకుపోయే మేస్త్రి ఇచ్చిన బయానా డబ్బు వాళ్ళ అమ్మ చేతిలో పెట్టి ఓడ ఎక్కాడు. అప్పట్లో మన బారువ రేవుకు ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు. అవి దూరంగా లంగరు వేస్తే, మనుషులను పడవల మీద కెరటాలు దాటించి ఎక్కించేవారు. రంగూను బియ్యం మిల్లులో బస్తాలు మోసి, మేస్త్రి బాకీ తీర్చి, తరువాత తానే కొందరికి మేస్త్రి అయ్యాడు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షల మందికి పైగా భారతీయులు ఉండేవారనీ, రంగూను నగరంలో సగానికి పైగా మనవాళ్ళేననీ మీ నాన్నగారు చెప్పేవారు. అంతకు ముందు ఏడు, 1930 మే నెలలో, రేవులో పనుల దగ్గర మొదలైన గొడవల్లో కోరంగీలని మనవాళ్ళను వెతికి చంపారు. తెలుగువాళ్ళను అక్కడ అలా పిలిచేవారు. ఆ రోజుల్లో తాత కుటుంబాన్ని మిల్లు గోదాములో బస్తాల వెనక దాచాడట. ఇంత జరిగినా ఆయన తిరిగి రాలేదు, ఎందుకంటే తోట తాలూకు డబ్బు ఇంకా కట్టవలసి ఉంది. ఆ తోట కాగితం నీ బీరువాలో ఉంది, తీసి చూడు. దానిమీద చెన్నపట్నం రాజధాని, గంజాం జిల్లా, సోంపేట తాలూకా అని ఉంటుంది. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు మనం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాము, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాము. మూడు జిల్లాల పేర్లు మారినా ఆ తోట మన చేతిలోనే ఉంది.

1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. మీ తాతమ్మ అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లి. మీ తాతయ్య ఆరేళ్ళవాడు, చేతిలో ఇంకొక పసిబిడ్డ. ప్రోము వరకు కొంత దూరం రైలు, కొంత దూరం నడక. అక్కడ ఐరావతి నది దాటి, కొండల మీదుగా అరకాన్ తీరంలోని టౌంగప్ దాకా వంద మైళ్ళకు పైగా నడిచారు. దారి పొడవునా కలరా. వాగుల్లో నీళ్ళు ఉన్నా తాగడానికి భయం, తాగకపోతే పసివాళ్ళు నిలవరు. నీళ్ళు కాచడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్క ఇత్తడి చెంబే కావడంతో, పెద్దవాళ్ళు పచ్చి నీళ్ళే తాగి, కాచినవి పిల్లలకు పట్టేవారట. ఆ నీళ్ళ వల్లనే రంగం తాత భార్యకు వాంతులు పట్టుకున్నాయి. పొద్దున మొదలై సాయంత్రానికి ఆమె పోయింది. మన ఇంట పెద్దలను మట్టిలోనే పెట్టే ఆచారం కనుక, పార లేకపోయినా వెదురు కర్రలతోనూ చేతులతోనూ గొయ్యి తవ్వారు. లోతు చాలలేదని తాత ఒప్పుకోలేదట. జంతువులు తవ్వుతాయని, ముందుకు పోతున్న గుంపును విడిచి, చీకటి పడేదాకా రాళ్ళు ఏరి తెచ్చి పేర్చాడట. తెల్లవారి బయలుదేరేటప్పుడు ఆ గోతి మీది మట్టి గుప్పెడు తీసి తువ్వాలు కొంగున ముడి వేసుకున్నాడు. టౌంగప్ నుంచి పడవ మీద అక్యాబుకు, అక్కడి నుంచి చిట్టగాంగుకు, తరువాత రైళ్ళు మారి కలకత్తా మీదుగా ఊరు చేరేదాకా ఆ ముడి విప్పలేదు. పసిబిడ్డ చిట్టగాంగులో పోయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మీ తాతమ్మ గొంతు మారేది కాదు. నేను వినలేక లేచిపోతే, కూర్చోమని చెప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

ఊరు వచ్చాక తాత ఆ మట్టిని ఒక పిడతలో పోసి అటక మీద పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడే ఆయన పోయాడు. తాను ముందే చెప్పి ఉంచినట్టుగా, తోటలో ఉత్తరపు మూల ఆయనను పెట్టి, ఆ పిడతలోని మట్టిని గుండెల మీద పోసింది మీ తాతమ్మే. తన చేతులతో పోసిన మనిషి నాతో చెప్పిన మాట ఇది. అందులో ఎవరూ లేరని ఇంకెవరైనా అంటే నువ్వు ఒప్పుకోవద్దు. సముద్రానికి అవతల పడిపోయిన ఆ తల్లికి ఈ భూమి మీద గుర్తంటూ ఉంటే అది ఆ దిబ్బ ఒక్కటే.

కాగితం కావాలంటే అదీ ఉంది. ఉత్తరం పక్క తోటవారి దస్తావేజులో దక్షిణపు హద్దు "రంగంవారి సమాధి దిబ్బ" అని రాసి ఉంటుంది. మీ నాన్నగారు దాని నకలు తీయించి నీలం అట్ట ఉన్న పుస్తకంలో పెట్టారు. రీసర్వేలో వేసిన రాయి కూడా దిబ్బకు అవతలే ఉంది.

నేను అమ్మవద్దని అనడం లేదు, నాయనా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి మొత్తం పడగొట్టిన తరువాత ఆ తోట మీద మనకు వచ్చేది ఎంతో నాకు తెలుసు. ఆ వారం నువ్వు పరుగున వచ్చి, దిబ్బ మీద అడ్డంగా పడిన చెట్లను కూలివాళ్ళ కోసం ఆగకుండా నీ చేతులతో కోసి తీశావు. అరచేతులు బొబ్బలెక్కితే నేను పసుపు రాశాను. అలాంటివాడు చదును చేయమని ఎలా అంటాడని మావయ్యతో వాదించి వచ్చాను. ఫ్లాటు వాయిదాలు భారంగా ఉంటే నాతో చెప్పు. పడమటి చెక్క ఉంది, నా గొలుసు ఉంది. ఇంట్లో చెప్పకుండా బయట బేరాలు మాట్లాడితే, నీ అవసరం తెలిసినవాడు ధర తగ్గించి అడుగుతాడు. నీ అంత చదువుకున్నవాడికి నేను చెప్పవలసిన పని కాదు గాని, అప్పు సంగతి తల్లి దగ్గర దాచినవాడు భార్య దగ్గర కూడా దాస్తాడు, దానితో ఇంట్లో నిద్ర ఉండదు. కోడలికి అన్నీ చెప్పు.

సంతకం విషయంలో నా మాట ఇది. దిబ్బా, దాని చుట్టూ అయిదు సెంట్లూ, రోడ్డు నుంచి అక్కడిదాకా మనిషి నడిచే దారీ దస్తావేజులో కొలతలతో సహా మినహాయించి రాయాలి. కొనేవారు నోటిమాటగా సరేనంటే నాకు చాలదు. వారి తరువాత కొనేవారికి ఆ మాట తెలియదు. అలా రాస్తే నేను సోంపేట రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి మారు మాట్లాడకుండా సంతకం పెడతాను, రాయకపోతే పెట్టను. చిన్నోడితో కూడా ఇదే చెప్పాను, వాడు ఒప్పుకున్నాడు.

శివరాత్రికి సెలవు పెట్టి రా. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పలాసలో దిగితే చిన్నోడు బండి తెస్తాడు. తలుపు దగ్గర నిలబడి ప్రయాణం చేయకు. పాపకు చెవులకు గుడ్డ కట్టి తీసుకురండి, ఇక్కడ ఇంకా చలి ఉంది. జీడిపప్పు రెండు కేజీలు తీసి ఉంచాను, కోడలికి బద్దలు కావాలో గుండ్లు కావాలో అడిగి ఆదివారం ఫోనులో నువ్వే చెప్పు. రక్తపరీక్ష కాగితం మరిచిపోకు.

ఆశీస్సులతో,
అమ్మ