షుగర్ గోలీలు ఇచ్చేచోటే బీ12 పరీక్ష కూడా చేయండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 68 ఏళ్లు. పోయిన వానాకాలం నుంచి పింఛన్ పైసలు లెక్కబెట్టి, మడిచి, మళ్లీ విప్పి లెక్కబెట్టేది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. ఒకరోజు గడప దాటుతుంటే ఎడమకాలి చెప్పు జారి లోపలే ఉండిపోయింది, ఆమె వాకిట్లోకి నడిచిపోయింది. "చెప్పు ఏదమ్మా?" అని అడిగితే కిందికి చూసుకుంది. కాలికి చెప్పు లేదన్న సంగతే ఆమెకు తెలియలేదు. నాకు గుండె జారిపోయింది.

ఇంటికొచ్చినవాళ్లంతా "వయసు మీదపడ్డంక మతిమరుపు రాదా?" అన్నారు. మేమూ అదే అనుకొని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. చివరికి వరంగల్‌లో ఒక డాక్టర్ మందుల సంచి చూసి, "ఈ షుగర్ గోలీ ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నావమ్మా?" అని అడిగారు. పదకొండేళ్లు. మెట్‌ఫార్మిన్. పైగా అమ్మ నీసు ముట్టదు, పాలు కూడా చాయ్‌లో కలిసినంతే. రక్తపరీక్షలో బీ12 అనే విటమిన్ బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లతో మతిమరుపు చాలావరకు తగ్గింది. పాదాల తిమ్మిరి మాత్రం పోలేదు. ముందే వచ్చి ఉంటే అదీ తగ్గేదేమో అన్నారు.

మెట్‌ఫార్మిన్ మంచి మందే, ఎవరూ భయపడి మానేయొద్దు. కానీ ఏళ్ల తరబడి వాడితే కొందరికి తిండిలోని బీ12 ఒంటికి సరిగా పట్టదు. ఈ విటమిన్ సహజంగా పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది, పప్పులూ ఆకుకూరలూ ఎంత తిన్నా రాదు. అది తగ్గితే నరాల మీది పొర దెబ్బతింటుంది, మెదడూ మందగిస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్ల కూడా వస్తాయి కాబట్టి బీ12 సంగతి ఎవరికీ తట్టదు. రక్తహీనత లేకపోయినా నరాలు దెబ్బతినొచ్చు. రక్తం తక్కువుందని ఉత్త ఫోలిక్ యాసిడ్ గోలీలు వేసుకుంటే రక్తం పెరుగుతుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి.

మా ఊళ్లలో ఏఎన్‌ఎంలు, ఆశా అక్కలు నెలనెలా షుగర్ గోలీలు ఇస్తున్నారు. ఎవరు ఎన్నేళ్లుగా వాడుతున్నారో వాళ్లకు తెలుసు. నాలుగైదేళ్లు దాటినవాళ్లకు ఏడాదికోసారి బీ12 పరీక్ష ఉచితంగా చేయించాలి. తిమ్మిర్లున్నాయా, చెప్పు జారుతోందా, మరుపు పెరిగిందా అని గోలీలు ఇచ్చేటప్పుడే అడగాలి. అడగడానికి పైసా ఖర్చు కాదు. హనుమకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల వైద్యాధికారులు వచ్చే నెల గోలీలు పంచే రోజు నుంచే ఇది మొదలుపెట్టాలని చేతులు జోడించి కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పరకాల, హనుమకొండ జిల్లా