ఛార్జి లిస్టులో సర్వర్ పాస్‌వర్డుకీ ఒక గడి పెట్టండి

సంపాదకుల వారికి,

నేను గుంటూరు జిల్లాలో ఒక ఉద్యోగుల పరపతి సంఘంలో హెడ్ క్లర్కుని. మా దగ్గర ఎవరు మానేసినా, రిటైరైనా ఛార్జి లిస్టు రాసుకుంటాం. బీరువా తాళాలెన్ని, ఫ్యాన్లెన్ని, ఆఖరికి స్టాంపు ప్యాడుకి కూడా లెక్కే. సర్వర్ పాస్‌వర్డ్ మాత్రం ఏనాడూ ఆ లిస్టుకెక్కలేదు. దాంతో మొన్న మార్చి నెలాఖరులో రెండు రోజులు మాకు చుక్కలు కనిపించాయి.

మా సర్వర్ పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంటుంది. ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్ పోయి సాయంత్రం దాకా కరెంటు రాలేదు, యూపీఎస్ చేతులెత్తేసింది. మర్నాడు ఆన్ చేస్తే నల్లటి తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. విండోస్‌ది కాదు, దానికంటే ముందు అసలు మిషన్ లేవడానికే అడిగేది. ఏళ్ల తరబడి ఆగని మిషన్ కదా, అది అడుగుతుందనే మాకెవరికీ తెలీదు. మానేసి వెళ్లిన ఆపరేటర్‌కి ఫోన్ చేశాం. "మా పాప పేరనుకుంటా సార్" అన్నాడు. చిన్నక్షరాల్లో, పెద్దక్షరాల్లో, చివర అంకెలు చేర్చి కొట్టాం. మూడుసార్లు తప్పితే బిగుసుకుపోతుంది, ఆపి మళ్లీ వేయాలి. సాయంత్రం అతనే ఫోన్ చేసి "రెండో పాప పేరు కూడా చూడండి సార్" అన్నాడు. అదీ కాదు.

టెక్నీషియన్ వచ్చి ముందు బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, తీసి కాసేపాగి పెట్టాడు. పాత ఇంటి కంప్యూటర్లలో దాంతో పాస్‌వర్డ్ పోతుందట. మా సర్వర్‌లో అది కరెంటు లేకపోయినా నిలిచే చిప్పులో ఉంది, పోలేదు. పోయిందల్లా తేదీ, టైమే. అప్పుడు మూత లోపల అంటించిన బొమ్మ చూశాడు. బోర్డు మీద మూడు పిన్నులు, అందులో రెండింటిని కలుపుతూ బియ్యపు గింజంత నల్ల టోపీ. అదే జంపర్. కరెంటు వైరు పీకి, టోపీని పక్క పిన్ను మీదకి జరిపి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడగలేదు. మళ్లీ ఆపి, టోపీని పాత చోట పెట్టి, కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. లెక్కలు డిస్కులో ఉంటాయి కాబట్టి ఖాతాలన్నీ క్షేమం. తేదీ ముందే సరిచేశాం గానీ, లేకపోతే నెలాఖరు వడ్డీలు ఏ ఏడాదిలో పడేవో!

టోపీ జరిపితే పోయేదానికి ఇంత హడావుడి ఎందుకని నాకూ అనిపించింది. గదికీ సర్వర్ మూతకీ తాళం ఉన్నంతవరకే ఈ పాస్‌వర్డ్ బలం. మా మూత తాళంచెవి గుండుసూదుల డబ్బాలో దొరికింది.

మాకు పోయింది మిషన్ లేవడానికి అడిగే పవర్ ఆన్ పాస్‌వర్డ్ కాబట్టి బతికిపోయాం. సెట్టింగులకు కాపలా ఉండే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ వేరే. కొన్ని పాత ఐబీఎం సర్వర్లలో అది మర్చిపోతే మదర్‌బోర్డు మార్చాల్సిందేనని కంపెనీ గైడులోనే ఉంటుంది.

సంఘాల ఆడిట్ చూసే అధికారులకు నా మనవి ఒక్కటే. ఛార్జి లిస్టు నమూనాలో దీనికో గడి పెట్టించండి. పాస్‌వర్డ్ లిస్టులో రాయమనడం లేదు. రెండు పాస్‌వర్డ్‌లూ కాగితం మీద రాసి, కవర్లో సీలు వేసి, ఇద్దరు సంతకాలు చేసి సేఫులో పెడితే చాలు. మా లిస్టులో ఇప్పుడు బీరువా తాళాల కింద, ఏడో నంబరులో, "సీలు కవరు - 1" అని ఉంది.

- ఒక హెడ్ క్లర్కు, గుంటూరు జిల్లా