కార్తీక వనభోజనాలకు ముందే వంకల్లో తాళ్లు కట్టించండి

నెల్లూరు జిల్లా అటవీ అధికారి గారికి,

నమస్కారం. ఈశాన్య రుతుపవనాల వానలు పడి రెండు మూడు రోజులు ఎండ కాసిందంటే వెలిగొండ వంకల ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపులుగా వాలతాయి. వనభోజనాల రోజులూ అవే. కార్లు నిలిపేది, కడిగేది కూడా ఆ ఇసుకలోనే.

అవి వచ్చేది ఉత్త నీళ్ల కోసం కాదు, అందులో కరిగిన ఉప్పు కోసం. ఆకులు తిని పెరిగిన పురుగుకు ఉప్పులో ఉండే సోడియం చాలదు. వాలేవి చాలావరకు మగవే. జతకట్టేటప్పుడు ఆ ఉప్పును ఆడదానికి అందిస్తాయి, దాన్నుంచి గుడ్లకు చేరుతుంది. ఎమిగ్రెంట్లు, కామన్ జేలు అనే రకాలు, మన నిమ్మతోటల్లో పెరిగే లైమ్ బటర్‌ఫ్లైలు, అన్నిటిదీ ఇదే పని. కొన్నయితే తాగుతూనే వెనకనుంచి నీటిబొట్లు వదిలేస్తుంటాయి, నీరు పోయి ఉప్పు మిగలడానికి. అందుకే చాలాసేపు కదలకుండా తాగాలి. వీడియోలో గుంపంతా ఒక్కసారి లేవాలని మధ్యలోకి పరిగెత్తితే ఆ తాగడం అక్కడితో ఆగిపోతుంది. ఇది చూస్తే మాకు నిజంగా బాధ.

మేం అడిగేది చిన్న పని. సీతాకోకచిలుకలు పారే నీటి అంచున కాదు, నీరు వెనక్కి తగ్గి, వేలు గుచ్చితే చెమ్మ తగిలే చోట వాలతాయి. దాని చుట్టూ 2 మీటర్లు వదిలి నాలుగు కర్రలు పాతి, మోకాలెత్తున కొబ్బరితాడు కట్టించండి. సిమెంటు గట్టు మాత్రం వద్దు. వంక పొంగిన ప్రతిసారీ ఇసుక కదులుతుంది, చెమ్మ ఉండే చోటు మారుతుంది. బీట్ సిబ్బంది వారానికోసారి చూసి తాడు జరిపితే చాలు.

ఫొటోలు తీసేవాళ్ల కోసం పక్కనే ఒక బోర్డు. ఉదయం 9 నుంచి 12 లోపు రండి. మీ నీడ గుంపు మీద పడితే అన్నీ లేస్తాయి, కాబట్టి సూర్యుడికి అడ్డంగా నిలబడకండి. తాడు బయటే మోకాళ్ల మీద కూర్చోండి, 300 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది. మూసిన రెక్కకు కెమెరా సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా పడితే లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా రెక్క సగం మసకే. ఎఫ్ 8, షట్టర్ వేగం 1/500 సెకను మంచిది. కుదురుగా కనిపించే రెక్కలూ సన్నగా అదురుతుంటాయి, 1/125కు అంచులు చెదురుతాయి. ఫ్లాష్ వద్దు, ఉప్పునీళ్లు చల్లి రప్పించడం అసలే వద్దు.

ముందుగా సిద్ధేశ్వరం, పెంచలకోన దారుల్లోని వంకల దగ్గర, కార్తీక పాడ్యమి లోపు కట్టించమని మనవి.

ఇట్లు,
వెలిగొండ వంకల్లో సీతాకోకచిలుకలను గమనించేవాళ్లం