పదిహేడు సార్లు, ఆపైన పన్నెండు మీటర్లు

అంబాజీపేట దగ్గర, మన కొబ్బరి కొట్టు
బుధవారం, మధ్యాహ్నం

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం సంక్రాంతికి ముందొచ్చింది. ఇప్పుడు ఆవకాయ జాడీకి ఎక్కేసింది. తిట్టుకో. మొదటి పేజీ నాలుగుసార్లు మొదలెట్టి, నాలుగుసార్లూ ఎవరో ఒకరు వస్తే గల్లాపెట్టె కింద దాచాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నువ్వు చెవి వినపడక స్పీకర్ పెడతావు, పక్కన మీ కోడలుంటుంది. ఉత్తరమైతే మీ ఇంట్లో నువ్వు తప్ప తెలుగు చదివేవాళ్ళు లేరు కాబట్టి నాకు ధైర్యం.

ఇక్కడ అందరం బాగున్నాం. ఆవు ఈనింది, పెయ్యదూడ. కాలవలు కట్టేశారు, చెరువు నీళ్ళతో నెట్టుకొస్తున్నాం. అమ్మాయికి సంబంధం ఒకటి వచ్చింది, దాని గురించి నీతో మాట్లాడాలి, చివర్లో రాస్తాను.

అసలు సంగతి విను. పోయిన నెల అత్తారింటికి వెళ్ళాను. నవ్వకు. ఇరవై ఏళ్ళయినా, మన హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వేరే పేరు నోట్లోంచి రావట్లేదు. నీ చెల్లెలు కూడా మొన్న ఎదురింటావిడ ముందు "ఆయన అత్తారింటికి వెళ్ళారండీ" అనేసింది. ఆవిడ నీ చెల్లెలి మొహం వంక ఎలా చూసిందో నువ్వే ఊహించుకో.

మాత్రలు తీసుకుని వచ్చేస్తుంటే కౌన్సెలర్ మేడమ్ ఆపింది. ఫిజియోథెరపీ చదివే పిల్లలు నలుగురు వచ్చారు, ఇష్టమైనవాళ్ళు ఒంట్లో సత్తువ ఎంతుందో చూపించుకోవచ్చు, పేరు రాయరు, నెంబరే అంది. రెండున్నర బస్సు పోయింది కాబట్టి సరేనన్నాను. అంతే, గొప్ప ఉద్దేశమేమీ లేదు.

వెనక వరండాలో నేల మీద సుద్దముక్కతో గీతలు గీశారు. రోడ్డు పనులప్పుడు పెడతారే, ఆ ఎర్ర టోపీలు, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. మధ్యలో ముప్పై మీటర్లు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగితే అంత నడవాలి. పరుగెత్తకూడదు. ఆయాసమొస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు, కానీ గడియారం ఆగదు. మన అమ్మాయి వయసే ఉంటుంది ఆ పిల్లకి, మెడలో స్టాప్‌వాచ్, చేతిలో కాగితం. కాగితం పైన పెద్దక్షరాలతో 'ఫిట్‌నెస్' అని ఉంది. ఆ మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది రా.

నీకు తెలుసుగా. 2005లో కువైట్ మెడికల్. పది సెంట్ల దొడ్డి అమ్మి ఏజెంటుకి కట్టిన డబ్బు. ఎందుకు, ఏమిటి అని ఒక్కరూ చెప్పలేదు. బల్ల మీద నుంచి కాగితం జరిపారు, దాని మీద ఒకటే ముక్క, 'అన్‌ఫిట్'. ఆ ముక్క అర్థం నేను బస్సులో పక్కన కూర్చున్న కుర్రాణ్ణి అడిగి తెలుసుకున్నాను.

సర్లే. నడక మొదలెట్టాను. ఒక నిమిషం కాగానే ఆ పిల్ల, "బాగా నడుస్తున్నారండీ. ఇంకా ఐదు నిమిషాలుంది" అంది. నేను పొంగిపోయాను. రెండో నిమిషానికీ అదే గొంతుతో, "బాగా నడుస్తున్నారండీ. ఇంకా నాలుగు నిమిషాలుంది." నా వెనక నడిచిన ముసలాయన కాళ్ళీడ్చుకుంటూ వెళ్తున్నా అవే మాటలు! తరవాత అడిగితే చెప్పింది, అంతకుమించి అనకూడదట. ఒకళ్ళని ఎక్కువ హుషారు చేస్తే వాళ్ళు ఎక్కువ నడిచేస్తారట, అప్పుడు లెక్క తేడా వస్తుందట. మన లెక్కల మాస్టారు వింటే ఎంత మెచ్చుకునేవాడో.

నాలుగో నిమిషంలో ఏమైందో తెలుసా? కోటిపల్లి రేవు గుర్తొచ్చింది. 2006 వేసవి. గోదారి తగ్గిపోయి, పంటు ఎక్కాలంటే ఇసకలో ఎంతో దూరం నడవాలి. రోగాలతో పోరాడే రక్తకణాల లెక్క ఉందే, ఆ సీడీ4 నాకు 118, నా బరువు 38 కిలోలు. పదడుగులు వేసి కూర్చునేవాణ్ణి. నువ్వు చెప్పులు నా చేతికిచ్చి నన్ను వీపు మీద వేసుకున్నావు. నీ ఒళ్ళు మాత్రం బాగుందా అప్పుడు? నీదీ 160. "ఒరేయ్ అబ్బులూ, నీకంటే కాజాల పొట్లం బరువుంది రా" అన్నావు. పంటు మీద ఆ పొట్లానికి ఏం గతి పట్టిందో ఇక్కడ రాయను, ఒట్టు వేశాను కాబట్టి.

అది గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వితే ఊపిరి తప్పింది, ఆ పిల్ల కంగారుపడి "ఆగుతారా అండీ?" అంది. ఆగలేదు. ఆరు నిమిషాలకి ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడాలి, టేపు పెట్టి కొలిచారు. పదిహేడు సార్లు, ఆపైన పన్నెండు మీటర్లు. 522 మీటర్లు రా సత్తీ! నాడి 78 నుంచి 112కి వెళ్ళి, రెండు నిమిషాల్లో దిగొచ్చేసింది. ఆ రేవు ఇసక ఎంత ఉంటుందంటావు? అర కిలోమీటరు ఉంటుందా? నువ్వు మోశావు కాబట్టి నీకే తెలియాలి.

తరవాత చేతి పట్టు చూసే మిషను ఇచ్చారు. కొబ్బరికాయలు వలిచిన చేయి, ఊరుకుంటుందా? 44 కిలోలు. నలుగురు పిల్లలూ చుట్టూ చేరారు. మీసం ఒకసారి తిప్పాను. ఆ మీసం అరగంట కూడా నిలవలేదులే. చేతులు గుండెల మీద కట్టుకుని ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తారో చూద్దామన్నారు. పది. పదకొండో సారి కుర్చీ నన్ను వదల్లేదు. అటకెక్కడానికి తప్ప ఈ తొడల్ని నేను వాడటం మానేసి ఎన్నేళ్ళయిందో, పక్క వీధికీ బండే.

ఎందుకలా అని అడిగితే కూర్చోబెట్టి చెప్పింది. మన బుగ్గలు తినేసిన ఆ పాత మాత్ర ఉందే, స్టావుడిన్, అది తినేసిన కొవ్వూ, ఆ రోజుల్లో కరిగిపోయిన కండా ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదట. 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మాన్పించమంది, కానీ మనం అప్పటికే దాన్ని కడుపారా తిన్నాం. వైరల్ లోడ్, అదే రక్తంలో వైరస్ లెక్క, కనపడనంత తక్కువున్నా ఒంట్లో పొట్టు కింద నిప్పులా సన్నటి సెగ ఒకటి ఉంటుందట, అది గుండెనీ కండనీ కాస్త ముందే ముసలివి చేస్తుందట. ఇప్పుడు వేసుకునే మాత్రలో టెనోఫోవిర్ ఎముకల్ని కొంచెం పలచన చేస్తుంది, డోల్యుటెగ్రవిర్‌తో కొందరికి బరువు పెరుగుతుంది. నా పొట్టకి సాకు దొరికిందని ఇంటికొచ్చి చెబితే నీ చెల్లెలు, "ఆ మందు పేరు గారెలా అండీ?" అంది.

నువ్వు ఉత్తరంలో రాసిన నీ ఆయాసం సంగతి కూడా అడిగాను, నీ పేరు చెప్పకుండా. ముందు డాక్టరు గుండె, రక్తం చూడాలి, ఏమీ లేదంటే నడక మొదలెట్టమను అంది. వారానికి 150 నిమిషాలు, పాటలు పాడలేనంత కానీ మాట్లాడగలిగేంత వేగం. రెండు రోజులు బరువులు. జిమ్ అక్కర్లేదు, కుర్చీలోంచి లేవడం, మడమలెత్తడం చాలు. మన జబ్బుకి వ్యాయామం చేటని ఎవరో చెప్పారన్నావే, అది ఉత్త మాట. నేను సంచీలో రెండు కాయలు వేసుకుని కాలవ గట్టు మీద తిరుగుతున్నాను, ఎవరైనా అడిగితే గుడికి అంటున్నాను. రోజూ గుడికి వెళ్తూ కాయలు వెనక్కి తెస్తున్నాడని ఊళ్ళో అనుకుంటున్నారు.

ఇదంతా సరే. చివర్లో ఒక కాగితం పెట్టారు, 31 ప్రశ్నలు, ఒకటి నుంచి ఐదు దాకా అంకె చెప్పాలి. నిద్ర ఎలా ఉంది, డబ్బు సరిపోతోందా, రేపటి గురించి ఎంత భయం. చకచకా చెప్పేశాను. ఒక దగ్గర ఇరుక్కున్నాను. "మీకు తెలిసినవాళ్ళు మిమ్మల్ని ఎంతవరకు తమలో కలుపుకుంటున్నారు?"

తెలిసినవాళ్ళు అంటే ఎవరమ్మా, నన్ను తెలిసినవాళ్ళా, నా సంగతి తెలిసినవాళ్ళా అని అడిగాను. ఆ పిల్ల కాగితం వంక చూసింది, నా వంక చూసింది. నన్ను తెలిసినవాళ్ళు ఊరంతా ఉన్నారు, పెళ్ళికి పిలుస్తారు, పంక్తిలో పక్కన కూర్చుంటారు, ఐదు వేసుకో. సంగతి తెలిసినవాళ్ళు నీ చెల్లెలు, నువ్వు, ఆ సెంటర్‌లో వాళ్ళు. వాళ్ళ దగ్గరా ఐదే. కానీ ఈ రెండు ఐదుల్నీ కలిపితే... ఏమో రా, ఆ పిల్ల ఏ అంకె వేసిందో నేను చూడలేదు. వరండాలో కాసేపు ఊరికే కూర్చున్నాం ఇద్దరం.

వచ్చేటప్పుడు అడిగాను, "ఇంతకీ నేను ఫిట్టా, అన్‌ఫిట్టా?" అని. "అలా రాసే గడి ఇందులో లేదండీ" అంది, కాగితం తిప్పి చూపించి. నిజంగానే లేదు. రెండువైపులా చూశాను.

అమ్మాయి సంబంధం మాట. కుర్రాడు మంచివాడే, రావులపాలెంలో మెకానిక్కు. దానికి ఏ జబ్బూ లేదని పరీక్షల్లో ఏనాడో తేలింది కాబట్టి వాళ్ళకి చెప్పాల్సిన పని లేదంటుంది నీ చెల్లెలు. చట్టం ప్రకారం నా ఒప్పుదల లేకుండా ఇంకెవరూ చెప్పకూడదు కూడా, 2018 నుంచి. కానీ అమ్మాయికే ఇంకా చెప్పలేదు రా మేము. పెళ్ళయి వెళ్ళాక ఎవరి నోటో వింటే? మొన్న రాత్రి దాని ఎదురుగా కూర్చుని "అమ్మలూ" అన్నాను, అది "ఏంటి నాన్నా, కాయలు మోసుకుని గుడికెళ్ళడం మానేస్తావా" అని నవ్వింది. ఇంకేం మాట్లాడతాను? నువ్వు మీ వాడికి ఎలా చెప్పావో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ముందు నువ్వే మొదలెట్టావా, వాడే అడిగా

లారీ వచ్చేసింది, హారన్ మోగించేస్తున్నాడు, ఎండలో కుర్రాళ్ళు నిలబడ్డారు. ఇలాగే కవరులో పెట్టేస్తున్నాను, లేకపోతే మళ్ళీ సంక్రాంతే. ఆ సంగతి వివరంగా రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

అబ్బులు